అత్త కంచం

మార్చి 8, శనివారం

ఈ డైరీ టూత్‌పేస్టు కంపెనీ వాళ్లు కొత్త సంవత్సరానికి క్లినిక్కి ఇచ్చింది. ప్రతి పేజీ కిందా ఒక పన్ను బొమ్మ నవ్వుతూ ఉంటుంది. ఇన్నాళ్లూ బీరువాలో చీరల కింద పడేసి ఉంచాను. ఇవాళ ఎవరికీ చెప్పుకోలేని సంగతి ఒకటి వచ్చిపడింది కాబట్టి తీశాను.

నిన్న సాయంత్రం ఆరున్నరకి గుచ్చుకుంది. పన్ను పీకించుకున్న మనిషి వెళ్లిపోయాక ట్రే సర్దుతున్నాను. మత్తు సూది దూది కింద ఉంది, మూత లేదు. వాడిన సూదిని వాడిన వాళ్లే డబ్బాలో వెయ్యాలి. మా క్లినిక్కులో మాత్రం అది ట్రేలోనే పడుంటుంది, తీసేది నేనే. చూపుడు వేలికి గ్లౌజు దాటి దిగింది. పదకొండేళ్లలో ఇలా నాలుగైదుసార్లు గుచ్చుకుంది. ప్రతిసారీ కడుక్కుని ఊరుకున్నాను. నిన్న కూడా ఊరుకునేదాన్నే, డాక్టర్ శ్రీరామ్మూర్తి గారి మొహం చూడకపోతే.

"ఆ పేషెంటు హెచ్‌ఐవీ మందులు వాడుతున్నాడు దీనా. ముందే చెప్పాడు నాకు."

ముందే చెప్పాడట. పాపం ఆ మనిషి ఏమీ దాచలేదు. దాచింది మా డాక్టరు. నాకెందుకు చెప్పలేదంటే, "చెప్తే నువ్వు పని చెయ్యనంటావేమోనని" అన్నారు. పదకొండేళ్లుగా అందరి నోళ్లలో రక్తం తుడుస్తున్నదాన్ని, ఎప్పుడు ఏ పని చెయ్యనన్నానో ఆయనే చెప్పాలి. డెబ్భై రెండు గంటల్లోపు మాత్రలు మొదలుపెట్టాలనీ, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిదనీ కూడా ఆయనే చెప్పారు. చెప్పి షట్టరు దించుకుని వెళ్లిపోయారు.

ఇవాళ పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లాను. రెండో శనివారం. మాత్రలిచ్చే సెంటరుకి తాళం. క్యాజువాలిటీలో అడగమన్నారు. అక్కడి డ్యూటీ డాక్టరు, ఎక్కడ పని చేస్తున్నావో అక్కడి నుంచి కాగితం తెమ్మన్నాడు. లేకపోతే సోమవారం రమ్మన్నాడు. సోమవారం సాయంత్రానికి గడువు దాటిపోతుందని గంటలు లెక్కపెట్టి చెప్పాను. "నువ్వు నర్సువా?" అని అడిగాడు. కాదు బాబూ, పళ్ల డాక్టరు దగ్గర ట్రేలు కడిగే మనిషిని.

మా డాక్టరు ఫోను స్విచాఫ్.

ఇంట్లో ఇంకా చెప్పలేదు. మా ఆయన పోర్టులో క్రేన్ దిగి వచ్చేసరికి మనిషి మనిషిలా ఉండడు. రేపు చెప్తాను.

మార్చి 9, ఆదివారం

గుడిలో మొదటి పాట అవుతుండగానే లేచి వచ్చేశాను. మా అత్త ఆరోగ్యమ్మ చాప మీంచి తల తిప్పి చూసింది. పళ్ల నొప్పి కేసు, అర్జంటుగా పిలిచారని చెప్పాను. ఈస్టరు ముందు నలభై శ్రమదినాల్లో మొదటి ఆదివారం, మొదటి అబద్ధం.

డాక్టరు గారింటికే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. కాగితం రాసిచ్చారు. క్లినిక్కు పేరున్న కాగితం కాదు, వాళ్లమ్మాయి నోటుబుక్కులోంచి చింపినది. దాన్ని చూసి క్యాజువాలిటీ నర్సమ్మ ఒక్క మాట కూడా అడగకుండా గోడ బీరువా తెరిచింది.

"ఇక్కడే ఉన్నాయమ్మా. నిన్నెందుకు రానేదు?"

"నిన్న వొచ్చినానండి."

ఆవిడ మాత్ర చేతిలో పెట్టింది. ఒంటి గంటకి వేసుకున్నాను. గుచ్చుకుని నలభై రెండు గంటల ముప్పై నిమిషాలు. బీరువా నేను నిన్న నిలబడ్డ చోటికి మూడడుగులు కూడా లేదు.

మార్చి 10, సోమవారం

సెంటరులో కౌన్సెలరు పేరు ఆశాజ్యోతి. నాకన్నా చిన్నది, నెమ్మదైన మనిషి. నిన్న తీసిన రక్తంలో ఏమీ లేదంది. అది పాత సంగతి, సూది సంగతి ఆరు వారాలకి ఒకసారి, మూడు నెలలకి ఒకసారి చూస్తే తేలుతుందంది. తెల్ల సీసా ఇచ్చింది. రోజుకొకటి, ఒకే టైముకి, ఇరవై ఎనిమిది రోజులు. మధ్యలో మానేస్తే ఇంతా చేసి లాభం లేదంది.

"మూడు నెలల దాకా భర్తతో జాగ్రత్తగా ఉండాలి. గర్భం కూడా వద్దు. పిల్లలెంతమంది?"

"లేరండి."

"పెళ్లయి ఎన్నేళ్లయింది?"

"ఏడు."

పెన్ను మూత పెట్టి, మళ్లీ తీసింది. పర్లేదు తల్లీ, ఏడేళ్లు ఆగినదాన్ని, మూడు నెలలు ఆగలేనా.

ఉదయం ఏడున్నర టైము పెట్టుకున్నాను. టిఫిను తిని, మాత్ర వేసుకుని, మల్కాపురంలో బస్సెక్కి, ద్వారకా నగర్‌లో దిగేసరికి ఆ సంగతి మర్చిపోవచ్చని. సీసాని నెలసరి ప్యాడ్ల ప్యాకెట్టులో పెట్టాను. ఈ ఇంట్లో ఎవరూ చెయ్యి పెట్టని చోటు అదొక్కటే. గలగలలాడకుండా క్లినిక్కు దూది కుక్కాను.

మార్చి 12, బుధవారం

వాంతి. రేపు చెప్తాను ఆయనకి.

మార్చి 14, శుక్రవారం

మళ్లీ వాంతి. అదృష్టం, మాత్ర వేసుకున్న రెండు గంటలకి, బస్సు దిగాక. వేసుకున్న వెంటనే అయితే ఇంకొకటి వేసుకోవాలని ఆశాజ్యోతి చెప్పింది.

శుక్రవారం ఉపవాసం. అత్త పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. ప్రతి శ్రమదినాల్లోనూ నలభై రోజులూ ఆమె అడిగేది ఒక్కటే, నా కడుపు పండాలని. నేనేమో వంటింట్లో తలుపు చాటున నిలబడి రెండు ఇడ్లీలు మింగాను, ఖాళీ కడుపున మాత్ర పడటం లేదని. వెనక్కి తిరిగేసరికి అత్త గుమ్మంలో ఉంది. చూసి పక్కకి తప్పుకుంది. కోప్పడినా బాగుండేది.

మా ఆయనకి ఈ నలభై రోజులూ నాకు నియమం అని చెప్పాను. "ఇదివరకెప్పుడూ నేదు కదే ఈ నియమం" అన్నాడు. ఈసారి గట్టిగా ప్రార్థన చేస్తున్నానన్నాను. దేవుడి పేరు ఇంత తేలిగ్గా వాడుకోవచ్చని నాకు తెలియదు.

మార్చి 15, శనివారం

చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. "సూది" అని మొదలుపెట్టినా "హెచ్‌ఐవీ" దగ్గరికి వచ్చేసరికి ఆయన మొహం ఎలా అవుతుందో నాకు కనిపిస్తోంది. పని మానెయ్యమంటాడు. అసలు సూదేనా అని ఒక్క క్షణం అనుకుంటాడేమో. ఆ ఒక్క క్షణం నేను చూడలేను.

అత్త తమ్ముడు శుభాకర్ ఫొటో ముందు గదిలో ఉంది, లారీ బానెట్ మీద చెయ్యి వేసుకుని నవ్వుతుంటాడు. టీబీతో పోయాడని చెప్తారు. ఈ ఇంట్లో టీబీ అనే మాటనే గొంతు తగ్గించి అంటారు.

మార్చి 18, మంగళవారం

పది రోజుల మాత్రలు అయ్యాయి. తల తిరుగుడు.

మార్చి 21, శుక్రవారం

ఇవాళ సాయంత్రం మా ఇంట్లో స్త్రీల సమాజం ప్రార్థన. పదిహేనుమంది చాపల మీద. పకోడీల నూనె వాసనకి నేను పెరట్లోకి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి అందరూ నన్నే చూస్తున్నారు. మా ఆడపడుచు రోజలిన్ వదిన అయితే కళ్లతోనే కొలత తీసింది. పక్క వీధిలోనే ఉంటుంది, ఇక్కడ గిన్నె పడితే అక్కడ వినబడుతుంది.

"పొద్దున కూడా కక్కిందంట కదమ్మా. ఒంట్లో ఏటైనా జబ్బేటి?"

నేను నోరు తెరిచేలోపు అత్త అంది. "జబ్బేటే. మంచి కబురే. మూడో నెల దాకా సెప్పకూడదని ఊరుకున్నాం."

చాపల మీద పదిహేనుమంది ఒక్కసారి "స్తోత్రం" అన్నారు. కాదు అనాలి. కాదంటే మరి ఏమిటి అంటారు. రోజలిన్ వదిన వచ్చి కావలించుకుంది. ఏడేళ్లలో మొదటిసారి.

అందరూ వెళ్లాక, "అత్తా, నాకేటీ నేదు, ఎందుకలగ సెప్పావు" అన్నాను. "ఊరుకో. నోరు మూసుకుని తిని పడుకో" అంది. ఆమెకి మనవడి పిచ్చి పట్టింది. ఇంకేమీ వినబడదు.

మార్చి 23, ఆదివారం

ఇది రాయడానికే చేతులు రావడం లేదు.

ఆరాధనలో కృతజ్ఞత కానుకల కవర్ల మీద రాసినవి చదువుతారు. పుట్టినరోజు, కొత్త ఉద్యోగం, ఆపరేషను బాగా జరిగినందుకు, ఇలా. పాస్టరు గారు మైకులో చదివారు: "సహోదరి ఆరోగ్యమ్మ గారు, ఏడు సంవత్సరాల ప్రార్థన ఆలకించినందుకు, కొడుకు నతానియేల్, కోడలు దీనా నిమిత్తమై." గుడంతా చప్పట్లు. మగవాళ్ల వైపు చూశాను. మా ఆయన నోరు తెరుచుకుని కూర్చున్నాడు. అక్కడే, అందరితో పాటే, ఆయనకీ తెలిసింది.

మధ్యాహ్నం మాడుగుల హల్వా పట్టుకొచ్చాడు. నా ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, "నాకు సెప్పనేదేటే?" అన్నాడు. కోపంగా కాదు. ఆ మొహం చూసి ఇక ఆపుకోలేకపోయాను. సూది, డాక్టరు, రెండో శనివారం, నోటుబుక్కు కాగితం, మాత్రలు, అన్నీ చెప్పేశాను. ఎంతసేపు చెప్పానో తెలియదు. ఆయన హల్వా పొట్లం దారం చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చున్నాడు.

"అంటే కడుపు కాదా" అన్నాడు చివరికి.

అన్నీ చెప్పాక ఆయన అడిగింది అది.

తర్వాత అడిగాడులే. నీకేమైనా అవుతుందా, ఎప్పుడు తెలుస్తుంది, పదారు రోజులు ఒక్కదానివే మోసావేటి, అన్నీ అడిగాడు. ఏడ్చాడు కూడా. సూదేనా అని మాత్రం అడగలేదు. ఆ ఒక్కదానికీ నేను ఆయనకి రుణపడి ఉంటాను. కానీ లేచి వెళ్తూ అన్న మాట: "అమ్మకి సెప్పకు. గుండాగి సచ్చిపోద్ది. ఇప్పుడికి కడుపనే అనుకోనీ. ఈస్టరు అయ్యాక పోయిందని సెప్పేద్దాం."

పోయిందని చెప్పేద్దామట. లేని బిడ్డని మోసి, లేని బిడ్డని పోగొట్టుకుని, వచ్చినవాళ్లందరి దగ్గరా ఏడవాలి నేను. తప్పు నాది కాదు, సూది నాది కాదు, కవరు నాది కాదు. మొయ్యాల్సింది మాత్రం నేను.

మార్చి 24, సోమవారం

హల్వా అత్త తింటోంది. నాకు వద్దు.

మార్చి 26, బుధవారం

కొత్త గోల. అత్త నా కంచంలో తింటోంది. నేను సగం తిని లేస్తే, మిగిలిన దాంట్లోనే అన్నం కలుపుకుంటోంది. నేను తాగిన గ్లాసులో నీళ్లు తాగుతోంది. పెద్దవాళ్లు చిన్నవాళ్ల ఎంగిలి తినడం ఎక్కడా చూడలేదు. ఏమిటిదంటే, "కడుపుతో ఉన్నదాని కంచంలో తోడు తినాలి, మా ఊళ్లో అలవాటు" అంది. ఆమెది విజయనగరం అవతల. నేనూ అక్కడిదాన్నే. అలాంటి అలవాటు మా ఊళ్లో కుక్కకి కూడా తెలియదు.

చిరాకుగా ఉంది. అన్నం దగ్గర కూడా నన్ను నా మానాన వదలరు.

మార్చి 28, శుక్రవారం

క్లినిక్కులో పోట్లాడాను. ఇవాళ కూడా సూది ట్రేలోనే ఉంది. "ఈ సూది తీసి మీరే డబ్బాలో వెయ్యండి, నేను చూస్తాను" అన్నాను. పేషెంటు కుర్చీలోనే ఉన్నాడు, నోట్లో దూదితో. డాక్టరు గారు నన్నొకసారి, అతన్నొకసారి చూసి వేశారు. గుచ్చుకున్న మర్నాడే అడగాల్సింది. కాదు, పదకొండేళ్ల కింద అడగాల్సింది.

మార్చి 31, సోమవారం

నెలసరి వచ్చింది. మూడో నెల గర్భిణికి నెలసరి. క్లినిక్కులోనే అన్నీ చూసుకుని ఇంటికి వచ్చాను. అత్త గ్లాసుడు పాలు పట్టుకుని నిలబడింది. తాగాను. ఆమె మిగిలింది తాగింది.

ఏప్రిల్ 1, మంగళవారం

సాయంత్రం వచ్చేసరికి అరలో ప్యాడ్ల ప్యాకెట్లు లేవు. ఒక్కటీ లేదు. సీసా అందులోనే ఉంది, ఇంకా నాలుగు రోజులు వేసుకోవాలి.

"రోజలిన్ పట్టుకెల్లిపోనాది" అంది అత్త తాపీగా. "నీకు తొమ్మిది నెలలు పనికిరావు కదా, దాని కూతురు నిఖితకి పనికొత్తాయంది."

చెప్పులు కూడా వేసుకోలేదు. వదిన ఇంటికి పరిగెత్తాను. పక్కింటి వరహాలమ్మ కల్లు తాగినదాన్ని చూసినట్టు చూసింది. నిఖిత అరలో నా ప్యాకెట్లు వరసగా పేర్చి ఉన్నాయి. అన్నిట్లోనూ చెయ్యి పెట్టాను. దూది ఉంది. సీసా లేదు.

"ఏటి ఎతుకుతున్నావే?" అంది వదిన.

"చెవి దిద్దు."

రెండు చెవులకీ దిద్దులున్నాయి. ఆమె చూసింది. చూడనివ్వు.

ఆయన రాత్రి షిఫ్టు. ఫోను చేస్తే క్రేన్ మీద ఎత్తడు. వదిన తీసి పారేసిందా, నిఖిత చూసిందా, చదివిందా, వీధంతా తెలిసిందా. ఇరవై నాలుగు రోజులు ఒక్క పూట తప్పకుండా వేసుకున్నాను. పొద్దున సెంటరు తెరిచే దాకా గుమ్మంలో కూర్చోవాల్సిందే, ఇంకో కాగితం అడుగుతారు, ఇంకో సంతకం అడుగుతారు. నాకు ఏడుపు కూడా రావడం లేదు, పళ్లు కొరుక్కోవడమే వస్తోంది.

ఏప్రిల్ 2, బుధవారం

సీసా దొరికింది. నా క్యారేజీ సంచిలో, అన్నం గిన్నె పక్కన, పాత చేతిగుడ్డలో చుట్టి ఉంది. ఏడున్నరకే వేసుకున్నాను.

ఆయనే తెచ్చి పెట్టుంటాడు. షిఫ్టు దిగి రాగానే అడిగితే, "నాను పెట్టనేదు, నువ్వే మరిచిపోయుంటావ్" అన్నాడు. నిద్రమత్తు మనిషి, చేసింది కూడా గుర్తుండదు. ఆయనే. క్యారేజీ సర్దేది అత్తే అయినా, ఆమెకి ఇంగ్లీషు అక్షరం రాదు, ఆమెకేం తెలుస్తుంది. ఆయనే.

ఏప్రిల్ 5, శనివారం

ఇరవై ఎనిమిదో మాత్ర. ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ అవలేదు. బస్సు ఆలస్యంగా వచ్చింది.

ఏప్రిల్ 6, ఆదివారం

నెలలో మొదటి ఆదివారం, ప్రభువు బల్ల. రొట్టె పళ్లెం చాపల వెంబడి వచ్చింది. నేను తీసుకున్నాను, నాకా యోగ్యత ఉందో లేదో దేవుడే చూసుకుంటాడని. అత్త దగ్గరికి వచ్చింది. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని పళ్లేన్ని అవతలికి పోనిచ్చింది. ద్రాక్షరసం గ్లాసులూ అలాగే పోనిచ్చింది.

నాకు పెళ్లయిన ఏడేళ్లలో ఆమె బల్లలో చెయ్యి వెయ్యకపోవడం చూడలేదు. ఆ చిన్న గ్లాసులు నెలనెలా ఇంటికి తెచ్చి తోమేది కూడా ఆమే. జ్వరంతో వచ్చి కూడా తీసుకుంది ఒకసారి.

మధ్యాహ్నం పెరట్లో గ్లాసులు తోముతుంటే పక్కన కూర్చుని అడిగాను.

"బల్లలో సెయ్యెందుకెయ్యనేదు అత్తా?"

"దేవుడింట్లో అబద్ధమాడినోలు సెయ్యెయ్యకూడదు."

"ఏటి అబద్ధమాడావు?"

"నీకు కడుపు నేదని నాకు తెల్దేటి."

చేతిలో గ్లాసు జారింది. పగల్లేదు. ఆమె తీసి మళ్లీ కడిగింది.

"నువ్వు కక్కుతుంటే ఆశ పుట్టింది. ఆ నెల ముట్టయ్యావో నేదోనని ఆ పేకెట్టు సూసినాను. ఆశతోనే ఎల్లినాను, పిల్లా. సీసా సేతికొచ్చింది." ఇంకో గ్లాసు తీసి తోమింది. "నాకు సదువు రాకపోతే ఏటి, ఆ సీసా తెలుసు. శుభాకర్‌గాడికి అలాటి తెల్ల సీసాలే ఇచ్చీవోరు. ఆడు టీబీతో పోనేదు."

అప్పుడు అర్థమైంది నాకు. ఆ శుక్రవారం రోజలిన్ వదిన "జబ్బేటి" అని అడిగింది. ఈమె ఆ మాటకి అడ్డం పడింది. గుడిలో కవరు ఇచ్చింది, పదిమందీ మళ్లీ అడగకుండా. సీసా వదిన చేతికి పోకముందే తీసింది ఈమే. మా ఆయన కాదు. నేనేమో మనవడి పిచ్చి అని రాసుకున్నాను, పైన ఉంది.

"నాకొచ్చిందనుకున్నావా అత్తా?"

"నీకొచ్చింది, ఆడికొచ్చింది అనుకున్నాను. ఆడే తెచ్చుంటాడనుకున్నాను. నా కొడుకుని ఎలగ అడగను?"

"మరి నా కంచంలో..."

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"శుభాకర్‌గాడికి సత్తు కంచం ఏరే ఎట్టినాను. గుమ్మానికి బయట. గ్లాసూ ఏరే. తిన్నాక ఆడే కడుక్కుని గోడకి ఆనించీవోడు. ఒకనాడు, అక్కా, ఒక్క పూట నీ కంచంలో తినీదా అన్నాడు. పిల్లలున్నారురా అన్నాను. మరింకెప్పుడూ అడగనేదు."

"కంచంలో తింటే రాదు అత్తా. ముట్టుకుంటే రాదు."

"అప్పుడూ సెప్పినారే. ఆసుపత్రిలో డాట్రమ్మ నన్ను కూకోబెట్టి మరీ సెప్పింది. నాను నమ్మనేదు."

"ఇప్పుడు నమ్మావా?"

ఆమె గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఆమె అబద్ధం చెప్పదు, నా కోసం చెప్పినవి తప్ప.

"ఇప్పుడూ పూర్తిగా నమ్మకం నేదు" అంది. "అయినా తిన్నాను."

నాకు కోపం వచ్చింది, ఇప్పుడు రాస్తుంటే కూడా వస్తోంది. నన్ను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఒక మనిషి పన్నెండు రోజులు నా కంచంలో చావు తింటున్నాననుకుంటూ తింది, పక్కన కూర్చుని నేను చిరాకు పడ్డాను. అరిచాను కూడా ఆమె మీద. నాకు రోగం లేదు, సూది గుచ్చుకుంది, రాకుండా ముందు జాగ్రత్తకి ఇచ్చిన మాత్రలవి, నిన్నటితో అయిపోయాయి అని అరిచాను. తర్వాత ఆమె తడి చేతులు పట్టుకుని ఏడ్చాను. రాదని ఇంకా తేలలేదు కదా అత్తా, అన్నాను. "తేలనీ" అంది.

మా ఆయన లేచి వచ్చి పెరటి గుమ్మంలో నిలబడ్డాడు. రెండు గదుల ఇంట్లో ముగ్గురం ఒక్క సీసాని ఒకరి దగ్గర ఒకరం దాచుకున్నాం.

ఏప్రిల్ 19, శనివారం

ఆరు వారాలు నిన్నటికే నిండాయి, నిన్న గుడ్ ఫ్రైడే, సెలవు. ఇవాళ వెళ్లాను. లేదు. ఏమీ లేదు. ఇంకొకసారి చూడాలి, అప్పటి దాకా జాగ్రత్తలు అవే అంది ఆశాజ్యోతి. ఆయన గేటు బయట నిలబడ్డాడు. చెప్తే, టీ తాగుదామన్నాడు. తాగాం.

ఈస్టరు అయ్యాక పోయిందని చెప్దామన్న మాట ఎత్తాడు. నేను చెప్పనన్నాను. పోయినదాని కోసమైతే ఏడుస్తాను గానీ, రానిదాని కోసం ఇంక ఏడవను. అత్త వింటూ బియ్యం ఏరుతోంది.

మే 4, ఆదివారం

సాక్ష్యాల సమయంలో అత్త లేచి నిలబడింది.

"మార్చిలో నాను ఇచ్చిన కవర్లో రాయించిన కబురు తప్పు. మా కోడలికి కడుపు నేదు. ఆ పిల్ల ఏనాడూ ఉందని సెప్పనేదు. నానే సెప్పినాను. అబద్ధమని తెలిసే సెప్పినాను. దేవుడూ సంగమూ నన్ను చమించాలి."

అంతే. ఎందుకు చెప్పిందో చెప్పలేదు. వెనక చాపలో ఎవరో "ముసిల్దానికి మతి పోనాది" అన్నారు. ఆమెకీ వినబడింది. కొంగు సరిచేసుకుని కూర్చుంది. ఈ పేటలో నలభై ఏళ్లుగా ఆమె మాటకి ఎదురు లేదు. ఆ మాట ఇవాళ నాకోసం పోగొట్టుకుంది. నేను ఏ పాపమూ చెయ్యకుండానే తలొంచుకుని కూర్చున్నాను.

పాస్టరు గారు ఆమె కోసం ప్రార్థన చేశారు. పళ్లెం వచ్చింది. ఆమె రొట్టె తీసుకుంది.

సాయంత్రం రోజలిన్ వదిన ప్యాడ్ల ప్యాకెట్లు తెచ్చి అరుగు మీద పెట్టి పోయింది. ఒకటి తక్కువ.

జూన్ 7, శనివారం

మూడు నెలలు. ఇవాళ బక్రీద్, సెలవు. రేపు ఆదివారం. ఈ ఊళ్లో నేనెప్పుడు వెళ్లాలనుకుంటే అప్పుడు సెలవిస్తారు.

జూన్ 9, సోమవారం

లేదు.

ఆశాజ్యోతి కాగితం నావైపు తిప్పి వేలితో చూపించింది. ఇంక రానక్కర్లేదు, ఫైలు మూసేస్తున్నానంది. నేను ఆ అక్షరాలు నాలుగుసార్లు చదివి బయటికి వచ్చి చెట్టు కింద నిలబడ్డాను. సంతోషం వస్తుందనుకుంటే, ముందు కోపమే వచ్చింది. ఒక మూత లేని సూది, ఒక చెప్పని మాట. వాటికి మూడు నెలల బతుకు పెట్టాను. డాక్టరు గారికి ఫోను చేసి చెప్తే, "నేను ముందే అనుకున్నాను, ఏమీ కాదని" అన్నారు. ఫోను పెట్టేశాను.

మా ఆయనకి ఫోనులో చెప్పాను. క్రేన్ హారన్ ఒకటి గట్టిగా వినబడింది. ఎవరి కోసమో తెలియదు.

ఇంటికొచ్చి అత్తకి చెప్పాను. ఆమె కూర తాలింపు పెడుతోంది. వెనక్కి తిరగలేదు.

"ఇంక రాదా? ఎప్పటికీ?"

"ఆ సూదితో ఇంక రాదు అత్తా."

"అయితే నా కంచం నాకు తీసిచ్చీ. నీ ఎంగిలి ఎన్నాళ్లు తినమంటావ్."

అటక మీదున్న ఆమె కంచం దించాను. అంచు మీద చుక్కల అక్షరాలతో ఆమె పేరు చెక్కి ఉంటుంది, పెళ్లికి వాళ్ల నాన్న ఇచ్చినది. మార్చి నుంచి ఎవరూ ముట్టుకోలేదు. వేలితో రాస్తే గీత పడేంత దుమ్ము. కడిగి, తుడిచి, అన్నం పెట్టాను. ఆమె కూర్చుని నిదానంగా తింది, ఫొటోలో శుభాకర్ వైపు ఒకసారి చూసి.

సగం తిని లేవబోయింది. నేను ఆమె చేతి కింది నుంచి ఆ కంచం నావైపు లాక్కున్నాను. "ఏటే అది" అంది. మిగిలిన అన్నంలో ఇంకాస్త కూర వేసుకుని తిన్నాను.